యుద్ధకాలపు ఉత్తరాలు, సైనికాధికారుల సంతకాల ఫొటోలు

యుద్ధకాలపు ఉత్తరాల సేకరణలో ముఖ్యంగా మూడు రకాల కాగితాలు వస్తాయి. మొదటిది, యుద్ధరంగం నుంచి జవాను ఇంటికి రాసిన ఉత్తరం, దానికి ఇంటివాళ్ళు రాసిన జవాబు. రెండవది, సైనికాధికారులు తమ కుటుంబానికో, తోటి అధికారులకో రాసిన లేఖలు. మూడవది, అధికారులు సంతకం చేసి ఇచ్చిన ఫొటోలు. స్టాంపులు పోగుచేసేవారు కవరునూ దాని మీది ముద్రలనూ చూస్తారు. చరిత్రకారులు లోపలి రాత చదువుతారు. సంతకాలు సేకరించేవారు అడుగున ఉన్న పేరు చూస్తారు. ఈ మూడు చూపులూ ఒకచోట కలిస్తేనే సేకరణకు విలువ. కవరు నుంచి ఉత్తరాన్ని, ఉత్తరం నుంచి ఫొటోను, వాటిని దాచిన ఇంటి పేరు నుంచి అన్నిటినీ విడదీస్తే చివరికి మిగిలేది ఎవరిదో తెలియని పాత కాగితం.

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోని పాత ఇళ్ళలో, చుట్టుపక్కల ఊళ్ళలో మాజీ సైనికుల ట్రంకు పెట్టెల్లో ఇలాంటివి దొరికితే, వాటిని చదవడానికి రెండు చరిత్రలు తెలిసి ఉండాలి. ఒకటి సైనిక తపాలా చరిత్ర, రెండవది నిజాం తపాలా చరిత్ర.

సైనిక తపాలా సంగతి ముందు. 1856లో పర్షియా మీదికి వెళ్ళిన దండుతో పాటు భారతదేశపు తొలి ఫీల్డ్ పోస్టాఫీసు కూడా ఓడ ఎక్కింది. ఆ తరువాత దండు ఎటు కదిలితే తపాలా అటు కదలడం ఆనవాయితీ అయింది. 1900లో చైనాకు వెళ్ళిన సేన కోసం విక్టోరియా రాణి బొమ్మ ఉన్న స్టాంపుల మీద సి.ఇ.ఎఫ్. అనే అక్షరాలు అదనంగా అచ్చు వేశారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఐదవ జార్జి స్టాంపుల మీద ఐ.ఇ.ఎఫ్. అని వేశారు. ఇండియన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్ అన్నమాట. ఆ సేనలకు అక్షరాల వరుసలో పేర్లు పెట్టారు. ‘ఎ’ సేన ఫ్రాన్సుకు వెళ్ళింది, ‘బి’ సేన తూర్పు ఆఫ్రికాకు వెళ్ళింది, ‘డి’ సేన మెసొపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాకుకు వెళ్ళింది, ‘జి’ సేన గలిపోలీలో దిగింది. కవరు మీద ఈ ఒక్క అక్షరం కనబడితే ఉత్తరం రాసిన మనిషి ఏ ఖండంలో ఉన్నాడో తెలిసిపోతుంది.

రెండవ ప్రపంచ యుద్ధం నాటికి గోప్యత పెరిగింది. తపాలా ముద్రలో ఊరి పేరు ఉండదు. ఎఫ్.పి.ఓ. అనే అక్షరాలు, ఒక నంబరు, తేదీ మాత్రమే ఉంటాయి. ఆ నంబరు పోస్టాఫీసు ఏ రోజున ఎక్కడ ఉందో పట్టికల సాయంతో తేల్చుకోవాలి. సైనిక తపాలాలో పనిచేసి, దాని చరిత్రను గ్రంథస్థం చేసిన బ్రిగేడియర్ డి.ఎస్. విర్క్ కృషి వల్ల ఈ పని ఇవాళ సాధ్యమవుతోంది. ఒకే నంబరు ఒక ఏడాది ఒక దేశంలో, మరుసటి ఏడాది మరో దేశంలో ఉండవచ్చు కాబట్టి నంబరు ఒక్కటే చూసి చోటు చెప్పకూడదు, తేదీతో కలిపి చూడాలి.

స్వాతంత్ర్యం తరువాత మన సేన శాంతి పరిరక్షణకు బయటి దేశాలకు వెళ్ళినప్పుడూ ఈ పద్ధతి సాగింది. 1953లో కొరియాకు వెళ్ళిన కస్టోడియన్ ఫోర్స్ కోసం స్టాంపుల మీద హిందీలో అచ్చు వేశారు. కాంగోకు వెళ్ళిన దళాలకు 1962లో, గాజాకు వెళ్ళిన దళాలకు 1965లో కూడా అలాంటి ప్రత్యేక స్టాంపులు వచ్చాయి. 1972 మార్చి 1న ఆర్మీ పోస్టల్ సర్వీస్ విడి కోర్ అయింది. దాని శిక్షణ కేంద్రం నాగపూరు దగ్గరి కాంప్టీలో ఉంది. జవాను చిరునామాలో ఊరికి బదులు కనిపించే 56 ఎ.పి.ఓ., 99 ఎ.పి.ఓ. అనేవి ఈ కోర్ నడిపేవే. మొదటిదాని తపాలా ఢిల్లీ మీదుగా, రెండవదాని తపాలా కోల్‌కతా మీదుగా పోతుంది. పటాలం లడఖ్‌లో ఉన్నా రాజస్థాన్‌లో ఉన్నా ఇంటివాళ్ళు కవరు మీద రాసేది 56 ఎ.పి.ఓ. అనే.

ఇక నిజాం తపాలా. హైదరాబాద్ సంస్థానానికి 1869 నుంచి సొంత స్టాంపులు ఉండేవి. పాత నిజాం స్టాంపుల మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలూ ఉంటాయి. వరంగల్ అప్పుడు సుబా కేంద్రం. ఆ స్టాంపులు సంస్థానం లోపలే చెల్లేవి. హద్దు దాటి వెళ్ళే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా తపాలా కావాలి. అందువల్ల ఒకే కుటుంబపు కట్టలో రెండు ప్రభుత్వాల స్టాంపులు, రెండు రకాల ముద్రలు కలగలిసి ఉండడం సహజం. యుద్ధం ముగిసిన 1945లో నిజాం ప్రభుత్వం ఒక విజయోత్సవ స్టాంపు వేసింది. దాని మీద బొమ్మ రాజుది కాదు, యుద్ధం నుంచి ఇంటికి తిరిగివస్తున్న సైనికుడిది. సంస్థానపు చివరి రోజుల్లో వచ్చిన మరో స్టాంపు మీద వరంగల్ కోటలోని కాకతీయ తోరణమే బొమ్మ. ఈ రెండు స్టాంపులూ ఉన్న కవర్లు ఓరుగల్లు సేకరణలో తప్పక ఉండదగినవి. 1950లో నిజాం తపాలా భారత తపాలాలో కలిసిపోయింది.

హైదరాబాద్ అనే పేరు దగ్గర సేకరణకర్తలు తరచు పొరబడతారు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ పేరు చూసి అందులో ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే అనుకుంటారు. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన పాత కంటింజెంట్ నుంచి ఆ రెజిమెంట్ పుట్టినమాట నిజమే. రెండవ ప్రపంచ యుద్ధం నాటికి అందులో ఎక్కువమంది కుమావోన్, జాట్, అహీర్ జవాన్లు. 1945లో దాని పేరే కుమావోన్ రెజిమెంట్‌గా మారింది. తరువాత సేనాధిపతి అయిన జనరల్ తిమ్మయ్య, తొలి పరమవీరచక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ ఈ రెజిమెంట్ వారే, కాని హైదరాబాదువారు కారు. బ్రిటిష్ వాయుసేనలో హైదరాబాద్ పేరు మోసిన స్క్వాడ్రన్లదీ ఇదే కథ. మొదటి యుద్ధంలో 110వ స్క్వాడ్రన్ విమానాలకు నిజాం డబ్బిచ్చాడు. రెండవ యుద్ధంలో 152వ, 253వ స్క్వాడ్రన్లకు ఆ పేరు వచ్చింది. 152వ దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. ఆ స్క్వాడ్రన్ల పైలట్ల సంతకాల ఫొటోలు ఇంగ్లండులో వేలానికి వస్తే అందులోని మనుషులు ఎక్కువగా బ్రిటిష్ వారే. వాటిని నిజాం ఖజానా చరిత్ర కింద చేర్చాలి తప్ప తెలుగు సైనికుల చరిత్ర కింద కాదు.

సంస్థానపు సొంత సైన్యం వేరు. హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పనిచేశారు. ఢిల్లీలో తీన్‌మూర్తి అనే చోటుకు ఆ పేరు తెచ్చిన మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధపూర్ లాన్సర్ల జ్ఞాపకార్థం 1922లో నిలిపినవి. తెలుగు జవాన్లు ఎక్కువగా బ్రిటిష్ ఇండియా సైన్యపు మద్రాసు వైపు పటాలాల్లో, మద్రాసు సాపర్లలో, పయనీర్లలో ఉండేవారు. ఇంటింటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపి మిలిటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న పశ్చిమ గోదావరి ఊరు ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ.

1948 సెప్టెంబరు 13 నుంచి 18 దాకా హైదరాబాద్ సంస్థానం మీద భారత సేన జరిపిన పోలీసు చర్య వరంగల్ సేకరణకు మరో అధ్యాయం. షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి, విజయవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర సేనలను నడిపారు. నిజాం సేనాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. ఆ తరువాత చౌధురి 1949 చివరి దాకా మిలిటరీ గవర్నరుగా ఉన్నాడు. అందువల్ల అతని సంతకం ఫొటోల మీదనే కాక ఆనాటి ప్రభుత్వ ఉత్తర్వుల మీద కూడా కనిపిస్తుంది. అయితే ఉత్తర్వుల కింద అచ్చయిన సంతకానికి, సిరాతో చేసిన సంతకానికి తేడా ఉంది. భూతద్దం కింద అచ్చు సంతకంలో సిరా అంతటా ఒకే చిక్కదనంలో ఉంటుంది. పాళీతో చేసిన గీతలో సిరా మలుపు దగ్గర చిక్కబడి, ఎత్తిన చోట పలచబడుతుంది.

ఇప్పుడు కవరును చదివే తీరు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు మామూలు సైనిక కవరు మీద ఐదు విషయాలు చూడాలి. పైన ‘ఆన్ యాక్టివ్ సర్వీస్’ అని ఉంటుంది, ఆ మాట ఉంటే మామూలు తపాలాకు సాధారణంగా స్టాంపు అక్కర్లేదు. కుడివైపు ఎఫ్.పి.ఓ. నంబరు ముద్ర ఉంటుంది. ఎక్కడో ఒకచోట సెన్సారు ముద్ర ఉంటుంది. దారిలో తెరిచి చూసిన కవరైతే అంచున ‘ఓపెన్డ్ బై ఎగ్జామినర్’ అని అచ్చయిన చీటీ అతికించి ఉంటుంది. ఐదవది, ఎడమవైపు అడుగున ఒక పొడి సంతకం. ఉత్తరం చదివి పంపించవచ్చని ఒప్పుకున్న పటాలం అధికారిది అది. సంతకాలు సేకరించేవారు చాలామంది దీన్ని పట్టించుకోరు. సిపాయి ఉత్తరం మీద అధికారి సంతకం ఉండడానికి కారణం ఇదే. ఆ పటాలం అధికారుల జాబితా చేతిలో ఉంటే, ఆ పొడి సంతకం ఎవరిదో కనిపెట్టవచ్చు.

సెన్సారు కథ లోపలి రాతను కూడా మార్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోని భారతీయ సేనల ఉత్తరాలను చదవడానికి ఒక ప్రత్యేక కార్యాలయమే పెట్టారు. కెప్టెన్ ఎవెలిన్ హోవెల్ దానికి తొలి అధిపతి. అక్కడి ఉద్యోగులు ఉత్తరాల్లో ముఖ్యమైన భాగాలను ఇంగ్లీషులోకి మార్చి వారం వారం నివేదికలు పంపేవారు. ఆ నివేదికలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చరిత్రకారుడు డేవిడ్ ఒమిస్సీ వాటి నుంచి ఒక సంపుటం కూర్చాడు. జవాన్లకు తమ ఉత్తరాలు ఎవరో చదువుతున్నారని తెలుసు. అందుకే మర్మంగా రాసేవారు. భారతీయ సిపాయిలను నల్ల మిరియాలని, తెల్ల సోల్జర్లను ఎర్ర మిరపకాయలని పేర్లు పెట్టి, ఏవి నిండుకున్నాయో, ఏవి వాడుతున్నారో ఇంటికి చెప్పేవారు. సెన్సారువాళ్ళు ఆ మర్మాన్నీ పట్టుకుని నివేదికలో రాశారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ నివేదికల్లో ఉన్నవి అనువాదాలు మాత్రమే. అసలు ఉత్తరాలు చాలా వరకు ఇళ్ళకు చేరాయి, అక్కడే చెదలకో వానకో పోయాయి. కాబట్టి ఒక పల్లెలో అసలు ఉత్తరం దొరికితే, ఏ పెద్ద లైబ్రరీలోనూ లేని వస్తువు దొరికినట్టే. పైగా చాలామంది సిపాయిలకు రాయడం రాదు. చెబితే పటాలంలోని చదువుకున్నవాడు రాసేవాడు. ఒకే చేతివ్రాత నాలుగు కుటుంబాల ఉత్తరాల్లో కనిపిస్తే అది దొంగసరుకు అని తోసిపుచ్చకూడదు, రాసిపెట్టినవాడు ఒకడే కావచ్చు.

తెలుగు ఉత్తరాల్లో మొదటి మూడు నాలుగు పంక్తులు ఎప్పుడూ ఒకలాగే ఉంటాయి. ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను, పెద్దలకు నమస్కారాలు, పిన్నలకు ఆశీస్సులు. సమాచారం ఆ తరువాతే మొదలవుతుంది. పంపిన డబ్బు ముట్టిందా, వాన పడిందా, అప్పు తీరిందా, సెలవు ఎప్పుడు దొరుకుతుంది, ఇవే చాలా ఉత్తరాల్లో విషయాలు. యుద్ధం మాట అరుదు. డబ్బు సంగతికి మరో సాక్ష్యం మనియార్డరు ఫారం అడుగు చీటీ. దాని మీద రెండు మూడు మాటలు రాసుకునేంత ఖాళీ ఉండేది. చాలా ఇళ్ళలో ఉత్తరాలు పోయినా ఆ చీటీలు మిగిలాయి, ఎందుకంటే అవి డబ్బు ముట్టినట్టు గుర్తు. సేకరణలో వాటిని ఉత్తరాలతో సమానంగా చూడాలి.

ఉత్తరాల్లోనే కొన్ని ప్రత్యేక రకాలున్నాయి. 1941లో ఎయిర్‌గ్రాఫ్ పద్ధతి వచ్చింది. ఒక ఫారం మీద రాసిన ఉత్తరాన్ని ఫిలిం మీద ఫొటో తీసి, ఆ ఫిలింను విమానంలో పంపి, చేరిన చోట చిన్న కాగితం మీద అచ్చు తీసి ఇచ్చేవారు. ఇంటికి చేరేది ఆ చిన్న ఫొటో మాత్రమే. కాబట్టి ఎయిర్‌గ్రాఫ్ నకలులా కనిపిస్తుందని పక్కన పెట్టకూడదు. యుద్ధఖైదీల ఉత్తరాలు మరో రకం. సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న పడిపోయాక జపాను చేతికి చిక్కినవారు పంపిన కార్డుల మీద వాక్యాలు ముందే అచ్చయి ఉండేవి, ఖైదీ ఖాళీలు నింపి సంతకం చేసేవాడు. తెలుగువారు బాగా ఎరిగిన బళ్ళారి కూడా ఈ చరిత్రలో ఉంది. బోయర్ యుద్ధంలో పట్టుబడినవారిని, ఆ తరువాత మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కీ సైనికులను అక్కడి శిబిరంలో ఉంచారు. బళ్ళారి శిబిరం ముద్రలున్న కవర్లకు అంతర్జాతీయంగా గిరాకీ ఉంది.

అధికారుల లేఖల స్వభావం వేరు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, రాసినవి దాచుకునే అలవాటు ఉన్నవాళ్ళు. నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ తన బంధువు హెన్రీ రీవ్‌కు రాసిన ఉత్తరాలు 1947లో పుస్తకంగా వచ్చాయి. 19వ శతాబ్దపు దక్కను పరిపాలన ఒక అధికారి కంటికి ఎలా కనిపించిందో వాటిలో ఉంది. మన కాలానికి వస్తే, కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28న మరణించిన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్‌లో పుట్టినవాడు, రెండవ రాజపుతానా రైఫిల్స్ అధికారి, మరణానంతరం మహావీరచక్ర పొందాడు. దాడికి కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, గర్భవతిగా ఉన్న తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని కోరాడు, పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బాలని. ఆ ఉత్తరం తరువాత పత్రికల్లో అచ్చయి దేశమంతా తెలిసింది. ఫోన్లు, సెల్‌ఫోన్లు వచ్చాక ఇలాంటి చేతిరాత ఉత్తరాలు తగ్గిపోయాయి. 2013 జూలైలో టెలిగ్రాం సేవ కూడా ఆగిపోయింది. ఆ లెక్కన కార్గిల్ కాలపు ఉత్తరాలే ఈ వరుసలో దాదాపు చివరివి.

సామాన్య కుటుంబాల్లో అధికారి లేఖ ఒక్కటే ఉంటుంది. జవాను చనిపోయినప్పుడు పటాలం కమాండింగ్ ఆఫీసరు తల్లిదండ్రులకు రాసే సంతాప లేఖ అది. అందులో అధికారి చేతిరాత, పటాలం ముద్ర, సంఘటన వివరం అన్నీ ఉంటాయి. దాన్ని అసలు కొనకూడదు. ఇంటివాళ్ళ అనుమతితో నకలు తీసుకుని అసలును వాళ్ళ దగ్గరే ఉంచడం మర్యాద.

ఫొటోల విషయానికొస్తే, దక్కనులో సైనికాధికారుల ఫొటోల చరిత్రకు రాజా దీన్‌దయాళ్ కేంద్రం. 1886లో ఆయన సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. ఆరవ నిజాం కొలువు ఫొటోగ్రాఫరుగా ఉంటూ కంటోన్మెంటు అధికారులను, కవాతులను, పటాలాలను ఫొటోలు తీశాడు. అట్ట మీద అతికించిన ఆనాటి ఫొటోల్లో ఒక రకాన్ని కేబినెట్ కార్డులంటారు. అట్ట అడుగున స్టూడియో పేరు, వెనుక సంతకం లేదా అంకితం ఉంటాయి. తరువాతి కాలపు పటాలం గ్రూపు ఫొటోల్లో అడుగున కూర్చున్నవారు, నిలబడినవారు అని వరుసగా పేర్లు, ర్యాంకులు అచ్చయి ఉంటాయి. ఒక సంతకం అసలుదా కాదా అని పోల్చి చూడడానికి ఇవి బాగా ఉపయోగపడతాయి.

ఫొటో కాలాన్ని యూనిఫారమే చెబుతుంది. 1950 జనవరి 26 దాకా మేజరు భుజం మీద కిరీటం ఉండేది, ఆ తరువాత దాని చోట అశోకుడి సింహాలు వచ్చాయి. 1944 అని రాసి ఉన్న ఫొటోలో భుజం మీద సింహాలు కనిపిస్తే ఆ తేదీ తప్పు. సంతకం కింద రాసుకున్న ర్యాంకునూ అలాగే పరీక్షించాలి. మానెక్‌షా ఫీల్డ్ మార్షల్ అయింది 1973లో, కరియప్ప అయింది 1986లో. ఆ ఏడాదులకు ముందు తేదీ వేసి, కింద ఫీల్డ్ మార్షల్ అని ఉన్న సంతకాన్ని నమ్మకూడదు. తెలుగువాడైన జనరల్ కె.వి. కృష్ణారావు 1971లో సిల్హెట్ వైపు 8వ మౌంటెన్ డివిజన్‌ను నడిపినప్పుడు మేజర్ జనరల్, 1981 నుంచి 1983 దాకా సేనాధిపతి, ఆ తరువాత గవర్నరు. 1971 నాటి యుద్ధ ఫొటో మీద ఆయన జనరల్ అని సంతకం చేసి ఉంటే, ఫొటో అప్పటిదైనా సంతకం పదేళ్ళ తరువాతిదని అర్థం. అది మోసం కాదు, కాని జాబితాలో రెండు తేదీలూ రాయాలి.

నకిలీలను పట్టే పరీక్షలు కొన్ని ఇంట్లోనే చేయవచ్చు. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950 ప్రాంతంలో వాడుకలోకి వచ్చాయి. నోట్ల పరీక్షకు వాడే అతినీలలోహిత దీపం కింద మొదటి ప్రపంచ యుద్ధపు ఉత్తరం నీలంగా ధగధగలాడితే ఆ కాగితం పాతది కాదు. పాత నలుపు తెలుపు ఫొటోను భూతద్దంతో చూస్తే ఛాయలు కలిసిపోయి ఉంటాయి, కొత్త ప్రింటులో చుక్కలు కనబడతాయి. పాత ఫొటో అంచుల్లో నల్లటి భాగం ఏటవాలు వెలుగులో వెండిలా మెరుస్తుంది. ఆజాద్ హింద్ ఫౌజు వస్తువుల్లో నకిలీలు మరీ ఎక్కువ. ఆ ప్రభుత్వం పేరుతో 1943లో జర్మనీలో అచ్చయిన స్టాంపులు తపాలాలో ఎప్పుడూ వాడుకలోకి రాలేదు. వాటిని అతికించి ముద్ర కొట్టిన కవరు కనిపిస్తే అనుమానించాల్సిందే. నేతాజీతో జలాంతర్గామిలో ప్రయాణించిన హైదరాబాదీ ఆబిద్ హసన్ వంటివారి పేర్లకు గిరాకీ ఉండడంతో ఆ సంతకాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

వరంగల్ ప్రాంతంలో ఈ వస్తువులు దొరికే దారులు మూడు. ఒకటి కుటుంబాలు. వరంగల్‌లోని సైనిక సంక్షేమ కార్యాలయం, మాజీ సైనికుల సంఘాల ద్వారా వెళితే నమ్మకం కుదురుతుంది. రెండవది పాత కాగితాల దుకాణాలు, హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు, జుమ్మెరాత్ బజారు. మూడవది ఆర్మీ పోస్టల్ సర్వీస్ పటాలాల వేడుకల సందర్భంగా తెచ్చే ప్రత్యేక కవర్లు. వీటి మీద అధికారి సంతకం తీసుకోవడం తేలిక, కొత్తగా మొదలుపెట్టేవారికి ఖర్చూ తక్కువ. విశ్రాంత అధికారికి రాసేటప్పుడు స్టాంపు అంటించిన జవాబు కవరు జతచేయడం పాత పద్ధతి. ఉద్యోగంలో ఉన్నవారి పటాలం ఎక్కడుందో అడగకూడదు, తెలిసినా ఎవరికీ చెప్పకూడదు.

దొరికిన రోజే రాసిపెట్టుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఎవరి ఇంట్లో, ఏ ఊళ్ళో దొరికింది, రాసినవారికి దాచినవారు ఏమవుతారు, కట్టలో ఏ వరుసలో ఉంది. ఇంటి పెద్ద చెప్పే మాటలు ఫోనులో రికార్డు చేసుకోవాలి. ఆ మనిషి పోతే ఫొటోలో ఉన్నదెవరో చెప్పేవారుండరు.

ఇక భద్రపరచడం. వరంగల్ ఎండాకాలం కాగితాన్ని పెళుసుబారుస్తుంది, వానాకాలం బూజు పట్టిస్తుంది. యుద్ధకాలపు కాగితం నాసిరకం, అందులోని ఆమ్లం దాన్ని లోపలినుంచే తింటుంది. లామినేషన్, సెల్లోటేపు రెండూ పనికిరావు. ఆమ్లం లేని కాగితపు మడతల్లో గాని, పాలియెస్టర్ తొడుగుల్లో గాని ఉంచాలి. గుర్తులు వెనుకవైపు మెత్తటి పెన్సిలుతోనే రాయాలి. కందకాల నుంచి రాసిన చాలా ఉత్తరాలు కాపీయింగ్ పెన్సిలుతో రాసినవి. ఆ రాత పొడిగా ఉన్నప్పుడు మామూలు పెన్సిలులా బూడిదరంగులో ఉంటుంది, తడి తగిలితే ఊదారంగు సిరాలా అలుక్కుపోతుంది. కాబట్టి తడిగుడ్డతో తుడవడం గాని, స్టాంపు ఊడదీయడానికి నీళ్ళలో వేయడం గాని చేయకూడదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నగరంలో వరద నీరు ఇళ్ళలోకి వచ్చింది. పెట్టెలు నేల మీద కాక ఎత్తైన అరల్లో ఉంచాలి, ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసి మరోచోట ఒక నకలు పెట్టాలి.

చట్టం సంగతులు మూడు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న పత్రం 75 ఏళ్ళు దాటితే పురావస్తువు కిందికి వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధపు ఉత్తరాలూ ఆ వయసు దాటాయి కాబట్టి, విలువైన వాటిని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. రెండవది కాపీరైటు. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని మాటలు రాసినవారివి. రచయిత మరణించిన తరువాత కూడా ఆ హక్కు వారసులకు ఉంటుంది. కాబట్టి అచ్చు వేయాలంటే రాసినవారి కుటుంబాన్ని అడగాలి. మూడవది 1923 నాటి అధికార రహస్యాల చట్టం. ఆపరేషన్ ఉత్తర్వులు, గుర్తులు వేసిన పటాలు దొరికితే అవి సేకరణ వస్తువులు కావు, సైనిక అధికారులకు అప్పగించవలసినవి.

చివరికి ఈ సేకరణలు చేరవలసిన చోట్లు. హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘలుల దక్కను రికార్డులు లక్షన్నర దాకా ఉన్నాయి. వాటిలో ‘అర్జ్-ఒ-చెహ్రా’ అనే పత్రాలు ఒక్కొక్క సైనికుడి ముఖం ఆనవాళ్ళు, గుర్రం ఆనవాళ్ళు రాసిపెట్టినవి. ఈ నేల మీద సైనికుల కాగితాలను భద్రపరచడం అంత పాత పని. ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ సైనిక చరిత్ర మీద పనిచేస్తుంది. హనుమకొండలో 1904లో పుట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాలకు స్కాన్ నకళ్ళు ఇస్తే జిల్లా పరిశోధకులకు అందుబాటులో ఉంటాయి. సంస్థకు ఇచ్చేటప్పుడు కట్టను విడదీయకూడదని, ఇచ్చిన కుటుంబం పేరు జాబితాలో ఉండాలని, ఇంటి గుట్టు ఉన్న ఉత్తరాలను ఎన్నేళ్ళ దాకా బయటపెట్టకూడదో స్పష్టంగా రాయించుకోవాలి. ఆ పత్రం మీద ఇచ్చినవారూ, తీసుకున్నవారూ సంతకం చేసి తలా ఒక ప్రతి ఉంచుకోవాలి.